లెక్కల క్లాసులో పిల్లలు నోరు విప్పాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

లెక్కల_టీచర్_మానుకోట:

అందరికీ నమస్కారం. 2024 డీఎస్సీలో నాకు స్కూల్ అసిస్టెంట్ మ్యాథ్స్ పోస్టు వచ్చింది, మానుకోట (మహబూబాబాద్) జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో చేస్తున్నాను. 8, 9, 10 తరగతులు నావే. పిల్లలు చాలా మంచివాళ్లు, అల్లరి లేదు, బోర్డు మీద ఏది రాస్తే అది పొల్లు పోకుండా నోట్సులోకి ఎక్కిస్తారు. నాకు దిగులు పుట్టించేది ఆ నెమ్మదితనమే. ప్రశ్న అడిగితే క్లాసంతా తలలు దించుకుంటుంది, జవాబు తెలిసిన పిల్ల కూడా లేవదు, "అర్థమైందా" అంటే మాత్రం అందరూ ఒక్క గొంతుతో "అయింది మేడమ్" అంటారు. అర్థం కానిదంతా స్లిప్ టెస్ట్‌లో బయటపడుతుంది.

నా మనసులో ఉన్న క్లాసు వేరు. అందులో ఒక పిల్ల లేచి "మేడమ్, నాకు ఇట్లా వచ్చింది, వాళ్లకు అట్లా వచ్చింది, ఎందుకు?" అని అడగాలి. ఒకరు తప్పు చెప్తే పక్కవాళ్లు నవ్వకూడదు. ఆడపిల్లలు పిలవకుండానే బోర్డు దగ్గరికి రావాలి. లెక్క కష్టంగానే ఉండాలి, కానీ ఆ కష్టంలో ఎవరూ ఒంటరిగా ఉండకూడదు. సులువు లెక్కలు ఇచ్చి చప్పట్లు కొట్టించడం నాకు ఇష్టం లేదు, అది పిల్లల్ని తక్కువ చేసినట్టే అనిపిస్తుంది.

మా బడికి చుట్టుపక్కల తండాల నుంచి చాలామంది వస్తారు. ఇంట్లో లంబాడీ, బళ్లో తెలుగు, పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లిష్, ఎదురు పేజీ తెలుగు. పత్తి ఏరే రోజుల్లో, మళ్లీ మిర్చి ఏరే రోజుల్లో కొందరు వారాల తరబడి రారు, వచ్చాక వెనక బెంచీలో కూర్చుంటారు, ఇక అక్కడే ఉండిపోతారు. ఎఫ్‌ఏ, ఎస్‌ఏ పరీక్షలు, రికార్డులు, సిలబస్ సంగతి మీకు తెలిసిందే. ఇట్లాంటి క్లాసు నడిపిన వాళ్లు, అట్లాంటి క్లాసులో చదివిన వాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. రేపు పొద్దున ఫస్ట్ పీరియడ్‌లో నేను చేయగలిగినవి కావాలి.

నర్సంపేట_లెక్కల_సార్:

మేడమ్, ముందు "అర్థమైందా" అని అడగడం మానేయండి. దానికి పిల్లల దగ్గర ఒకటే జవాబు ఉంటుంది. "దీని తర్వాత మెట్టు ఏంటి", "ఇక్కడ 3 బదులు మైనస్ 3 ఉంటే ఏం మారుతుంది" అని అడగండి. అడిగాక ఆగండి. 1970లలో అమెరికాలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు సైన్స్ క్లాసుల్ని రికార్డు చేసి వింటే, టీచర్లు ప్రశ్న వేశాక ఒక సెకను ఆగడమే గగనమని తేలింది. మూడు సెకన్లు ఆగినప్పుడు జవాబులు పొడవయ్యాయి, మామూలుగా నోరెత్తని పిల్లలు కూడా మాట్లాడారు. మన పిల్లలు ప్రశ్నను ఒక భాషలో విని ఇంకో భాషలో ఆలోచిస్తారు కాబట్టి వాళ్లకు మూడు చాలవు, మనసులో పది వరకు లెక్కపెట్టుకోండి. ఆ తర్వాత పక్కవాళ్లతో ఒక నిమిషం మాట్లాడుకోమనండి. లంబాడీలో మాట్లాడుకుంటే మాట్లాడుకోనివ్వండి. అప్పుడు కూడా "నీ జవాబేంటి" అనొద్దు, "మీ ఇద్దరూ ఏమనుకున్నారు" అనండి. తప్పైనా అది ఇద్దరిదీ కదా, చెప్పడానికి అంత భయం ఉండదు.

ఇంకోటి, సరైన జవాబుకి కూడా "ఎట్లా వచ్చింది" అని అడగాలి. మనం తప్పు జవాబుకే ఆ మాట అంటూ పోతే, మేడమ్ ఎట్లా అని అడిగిందంటే నాది తప్పే అని పిల్లలు ఇట్టే పసిగడతారు. అడిగీ అడగకముందే రబ్బరు తీసి చెరిపేస్తారు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన పద్ధతి చెప్తాను. స్లిప్ టెస్టులో వచ్చిన ఒక తప్పును ఎవరి పేరూ లేకుండా బోర్డు మీద రాస్తాను. ఉదాహరణకు 1/2 + 1/3 = 2/5. ఇది తప్పు అని నేను అనను. 2/5 పెద్దదా, సగం పెద్దదా అని అడుగుతాను. 2/5 సగం కన్నా తక్కువని వాళ్లే చెప్తారు. మరి సగానికి ఇంకొంచెం కలిపితే సగం కన్నా తగ్గుతుందా? అక్కడ క్లాసులో వాదన మొదలవుతుంది. తొమ్మిదిలో (ఎ+బి)² = ఎ² + బి² అని రాసే పిల్లలు ప్రతి బడిలో ఉంటారు. ఎ స్థానంలో 3, బి స్థానంలో 4 పెట్టమంటే ఒకవైపు 49, ఇంకోవైపు 25 వస్తాయి. ఆ 24 ఎక్కడికి పోయింది? నేల మీద సుద్దముక్కతో భుజానికి 7 గళ్ల చదరం గీయించి, ఒక మూల 3 గళ్ల చదరానికి, దాని ఎదురు మూల 4 గళ్ల చదరానికి రంగు వేయిస్తే, రంగు లేని రెండు దీర్ఘచతురస్రాలు మిగిలిపోతాయి, ఒక్కోటి 12 గళ్లు. 2ఎబి ఎక్కడి నుంచి వచ్చిందో ఇక బట్టీ పట్టే పని లేదు. పైగా ఆ తప్పు చేసిన పిల్లవాడికి కూడా తన తప్పు వల్లే ఇవాళ క్లాసు ఇంత బాగా నడిచిందని లోపల తెలుస్తుంది.

విద్యాహక్కు చట్టం 2009లో సెక్షన్ 17 పిల్లల్ని కొట్టడంతో పాటు మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది. బెత్తం చాలా చోట్ల పోయింది. "ఇది కూడా రాదా", "ఆరో తరగతి లెక్క ఇది" అనే మాటలు మాత్రం పోలేదు. మీ క్లాసులో పక్కవాళ్ల నవ్వు ఆగాలంటే మీకన్నా ముందు అక్కడ పాఠాలు చెప్పిన సార్లు, మేడమ్‌లు వాడిన ఆ మాటలు ఆ గదిలో మళ్లీ వినపడకూడదు. దానికి కొంత కాలం పడుతుంది.

హన్మకొండ_ట్యూషన్స్:

పై సార్ చెప్పినవన్నీ బాగున్నాయి, కానీ ఒక మాట గట్టిగా చెప్పాలి. నేను సాయంత్రాలు పదో తరగతి పిల్లలకు చెప్తాను. చక్కగా మాట్లాడే పిల్లలు కూడా వర్గ సమీకరణాల్లో కారణాంకాల దగ్గర ఆగిపోతారు. ఎక్స్² − 15ఎక్స్ + 56 = 0 తీసుకోండి. గుణిస్తే 56, కలిపితే 15 వచ్చే రెండు సంఖ్యలు కావాలి. ఎక్కాలు నోటికి వచ్చిన పిల్లకు 7, 8 చూడగానే తడతాయి, రాని పిల్లకు అదే ఐదు నిమిషాల టెన్షన్, ఈలోపు అసలు సమీకరణం ఎందుకు చేస్తున్నామో మర్చిపోతుంది. మనసు ఒకేసారి పట్టుకోగలిగేది కొంచెమే, భయం ఉంటే అది ఇంకా తగ్గుతుంది. అందుకే ఎక్కాలూ సాధనా పాతకాలం పద్ధతి అని పక్కన పెడితే నష్టపోయేది ఇంట్లో చెప్పేవాళ్లు లేని పిల్లలే. టౌన్లో ట్యూషన్‌కి వచ్చే పిల్లలకు ఆ సాధన ఇంకో చోట దొరుకుతుంది, తండా పిల్లలకు మీ క్లాసు తప్ప వేరే చోటు లేదు.

అయితే నిలబెట్టి ఎక్కం అప్పజెప్పించడం నేనూ ఒప్పుకోను. రోజూ ఐదు నిమిషాలు, కాగితం మీద, ఎవరిది వాళ్లే దిద్దుకోవాలి, మార్కు ఎవరికీ చూపించక్కర్లేదు, నిన్నటి తన కాగితంతోనే పోల్చుకోవాలి. వారం తిరిగేసరికి తేడా తమకే కనబడుతుంది, ఆ తేడా ఇచ్చే ధైర్యం మనం భుజం తట్టినా రాదు.

నర్సంపేట_లెక్కల_సార్:

తమ్ముడూ, నీతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. ఒక్కటి కలుపుతాను. 7×8 మర్చిపోతే 7×7 చేసి ఇంకో 7 కలపొచ్చని తెలిసిన పిల్ల పరీక్ష హాల్లో పెన్ను కింద పెట్టదు. సాధనలోనే ఆ దారి కూడా చూపించాలి. ఇక మేడమ్, సిలబస్ సంగతి ఎత్తారు కదా. పుస్తకంలో ఒక్కో అభ్యాసంలో ఒకే రకం లెక్కలు వరసగా ఉంటాయి, వాటిలో కొన్ని క్లాసులో చేయించి, ఒకదాన్ని రెండు దారుల్లో చేయించండి, మిగిలినవి ఇంటికి. అన్నీ బోర్డు మీద మనమే చేసి చూపించడానికి పోయే టైమే ఎక్కువ.

పర్వతగిరి_పత్తిరైతు:

నేను టీచర్ని కాదు మేడమ్, ఇంటర్ వరకు చదివాను, పత్తి, మిర్చి వేస్తాను. మా బిడ్డ తొమ్మిదో తరగతి. బళ్లో చెప్పే లెక్కల్లో మేము సాయం చేయలేమని మా ఊళ్లో అందరి నమ్మకం, పిల్లల నమ్మకం కూడా అదే. కానీ మా దగ్గర కూడా లెక్క ఉంది, మీకు పనికొస్తుందేమో చూడండి.

పట్టా పాస్‌బుక్కులో భూమి 1.20 అని ఉంటే అది ఎకరం 20 గుంటలు. ఎకరానికి 40 గుంటలు కాబట్టి అది ఎకరన్నర. 1.20కి 2.30 కలపమంటే మా బిడ్డ 3.50 అన్నది, నేను 4.10 అన్నాను. చాలాసేపు వాదించుకున్నాం. పుస్తకం ప్రకారం ఆమెది రైటు, భూమి ప్రకారం నాది రైటు. చివరికి ఆమే పట్టుకుంది, పుస్తకంలో చుక్క తర్వాత పదుల లెక్క నడుస్తుంది, పాస్‌బుక్కులో నలభైల లెక్క నడుస్తుంది అని. ఆ రోజు నుంచి పాస్‌బుక్కు ముందేసుకుని గుంటలను గజాల్లోకి మారుస్తుంది, గుంటకు 121 గజాలు, ఎకరానికి 4,840.

పత్తి లెక్క కూడా అంతే. సీసీఐ (భారత పత్తి సంస్థ) వాళ్లు 8 శాతం తేమ వరకు పూర్తి మద్దతు ధర ఇస్తారు, 12 దాటితే కొనరు, మధ్యలో ఒక్కో శాతానికి ధరలో ఒక శాతం కోస్తారు. 2025-26లో పొడుగు పింజ పత్తికి క్వింటాకు 8,110 రూపాయలు కాబట్టి ఒక శాతానికి 81 రూపాయల 10 పైసలు. 10 శాతం తేమ చూపిస్తే క్వింటాకు 7,947 రూపాయల 80 పైసలు. 12 క్వింటాళ్లు తీసుకుపోతే తేమకే 1,946 రూపాయలు పోయినట్టు. ఇంకో రెండు రోజులు ఆరబెడితే ఎంత లాభం, ఆరితే బరువు తగ్గుతుంది కదా, అప్పుడు ఎంత నష్టం? ఇది నిజంగా మేము ఇంట్లో కూర్చుని వేసుకునే లెక్క. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో పంట అమ్మాక ఇచ్చే లెక్క చీటీ, తక్‌పట్టీ ఒకటి క్లాసులో పెట్టి చూడండి, నోరు విప్పని పిల్లలు కూడా మాట్లాడతారు.

వడ్డీ కూడా. బళ్లో సంవత్సరానికి శాతం అంటారు, ఊళ్లో నూటికి రెండు రూపాయలు అంటే నెలకు. 50 వేలు తెస్తే నెలకు వెయ్యి, ఏడాదికి 12 వేలు, అంటే 24 శాతం. ఏడాదికోసారి వడ్డీని అసల్లో కలిపి నోటు తిరగరాస్తే మూడేళ్లకు ఆ 50 వేలు 95 వేలు దాటుతుంది. చక్రవడ్డీ పాఠం పిల్లలకు ఇట్లా చెప్పండి, రేపు వాళ్లే ఇంట్లో వాళ్లను ఆపుతారు.

తండా_నుంచి_బీటెక్:

మేడమ్, నేను మీ జిల్లా తండా నుంచే, ఇప్పుడు వరంగల్‌లో బీటెక్ చదువుతున్నాను. రైతు అన్న చెప్పింది చాలా బాగుంది, కానీ వడ్డీ లెక్కకు "మీ ఇంట్లో అప్పు ఎంత" అని ఎవరినీ అడగొద్దు. బోర్డు మీద ఊహించిన అంకెలు వేయండి. పాస్‌బుక్కు కూడా అంతే, భూమి లేని ఇళ్ల పిల్లలు ఉంటారు, నకలు ఒకటి మీరే తయారుచేసి అందరికీ ఇవ్వండి. పక్కవాళ్ల నవ్వు కన్నా ఇది ఎక్కువ గుచ్చుకుంటుంది.

పత్తి ఏరడానికి పోయి తిరిగొచ్చే పిల్లల గురించి అడిగారు. ఆ పిల్లల్లో నేనూ ఒకదాన్ని. తిరిగొచ్చిన రోజు అందరి ముందు "ఇన్ని రోజులు ఎక్కడికి పోయావు" అని అడిగితే మర్నాడు బడికి రావాలనిపించదు. మా లెక్కల సార్ ఏం చేసేవారంటే, నోట్సు మొత్తం ఎక్కించమనేవారు కాదు, పోయిన పాఠంలో ముఖ్యమైన లెక్కలు నాలుగైదు ఒక కాగితం మీద ముందే రాసి పెట్టేవారు, పక్కన ఒక అమ్మాయిని కూర్చోబెట్టేవారు. ఆ అమ్మాయి నాకు లంబాడీలో చెప్పేది. నాకు చెప్పడం వల్ల ఆమెకు కూడా పాఠం గట్టిపడిందని తర్వాత ఆమే చెప్పింది.

అట్లాగే ఆ రోజు క్లాసులో వెనకబడిన వాళ్లు కూడా మొదలుపెట్టగలిగే లెక్క ఒకటి ఉండేది. నాకు ఇప్పటికీ గుర్తున్నది, చుట్టుకొలత 24 ఉన్న దీర్ఘచతురస్రాలు ఎన్ని గీయగలరో గీయండి అన్నారు. ఎవరైనా గీయొచ్చు, కూడిక వస్తే చాలు. 1, 11 అయితే వైశాల్యం 11. 2, 10 అయితే 20. అట్లా పోతే 6, 6 దగ్గర 36 వస్తుంది, అదే అన్నిటికన్నా ఎక్కువ. అక్కడితో ఆగలేదు, "భుజాలు పూర్ణాంకాలే కావాలని ఎవరన్నారు" అన్నారు సార్. 5.5, 6.5 వేసి చూశాం, 35.75 వచ్చింది. మరి చదరమే ఎందుకు గెలుస్తుంది అని బాగా చదివే పిల్లలు వారమంతా దాని మీదే ఉన్నారు. ఒకే లెక్క, అందరికీ పని ఉంది. నన్ను ఎవరూ "వీక్" పిల్లల గుంపులో వేరుగా కూర్చోబెట్టలేదు. దయచేసి మీరు కూడా అట్లా విడదీయకండి మేడమ్, ఒక్కసారి ఆ బెంచీలో కూర్చుంటే పదో తరగతి దాకా అదే మన జాగా అనిపిస్తుంది.

ములుగు_మ్యాథ్స్:

ఈ చర్చ చూసి చాలా సంతోషమైంది. నాది చిన్న హెచ్చరిక, అది కూడా ప్రేమతోనే. పత్తి, గుంటలు, వడ్డీ అన్నీ కావాలి, కానీ పల్లె పిల్లలకు పల్లె లెక్కలే అని మనం అనుకోకూడదు. అది కూడా వాళ్లకు హద్దు గీయడమే. దేనికీ పనికిరాకపోయినా మనసును పట్టి లాగే లెక్కలు ఉంటాయి, వాటి మీద ఈ పిల్లలకు కూడా అంతే హక్కు ఉంది. గుప్పెడు చింతగింజలు చాలు. ఒకటి పెట్టండి, దాని చుట్టూ ఒక మూలగా మూడు పెడితే రెండు వరసల చదరం, ఇంకో ఐదు పెడితే మూడు వరసల చదరం. 1, 4, 9, 16. బేసి సంఖ్యల్ని వరసగా కూడితే ఎప్పుడూ వర్గమే వస్తుంది. "మొదటి వంద బేసి సంఖ్యల మొత్తం ఎంత" అని అడిగితే గింజలు పేర్చకుండానే 10,000 అని చెప్పే పిల్ల మీ క్లాసులోనే ఉంటుంది. ఎందుకు అని ఆమే చూపిస్తుంది, ప్రతిసారీ రెండు పక్కలా ఒక్కో వరస, మూలన ఒక గింజ కలుస్తున్నాయి కాబట్టి అని.

పదిలో శ్రేఢులు చెప్పేటప్పుడు నేను బతుకమ్మతో మొదలుపెడతాను. కింది వరసలో 60 పూలు, పైకి పోయే కొద్దీ వరసకు 4 తగ్గుతూ 12 వరసలైతే పై వరసలో 16, మొత్తం 456. ఇంత వరకు అందరూ చేస్తారు. అసలు ప్రశ్న, ప్రతి వరసకూ సమానంగానే ఎందుకు తగ్గాలి? వరస ఒక సెంటీమీటరు లోపలికి జరిగితే చుట్టుకొలత 6.28 సెంటీమీటర్లు తగ్గుతుంది, వరస పెద్దదైనా చిన్నదైనా అంతే తగ్గుతుంది. వ్యాసార్థం సమానంగా తగ్గితే చుట్టుకొలత కూడా సమానంగా తగ్గుతుంది, పూలు కూడా. అంకశ్రేఢి (ఒకే తేడాతో నడిచే సంఖ్యల వరస), వృత్తం ఒకే చోట కలిశాయి చూడండి. నిజంగా పేర్చిన బతుకమ్మలో ఇంత కచ్చితంగా రాదు, గునుగు పూలు ఒక సైజు, బంతిపూలు ఒక సైజు. ఎందుకు రాదో ఆడపిల్లల్నే చెప్పమనండి. పేర్చేది వాళ్లే కాబట్టి ఆ రోజు బోర్డు దగ్గరికి వాళ్లే వస్తారు.

లెక్కల_టీచర్_మానుకోట:

అందరికీ చేతులెత్తి నమస్కారం. అన్నీ ఒకేసారి మొదలుపెడితే ఏదీ నిలవదు కాబట్టి ఈ నెలంతా రోజువారీగా మూడే చేస్తాను. ప్రశ్న వేశాక ఆగడం, పక్కవాళ్లతో మాట్లాడించడం, రోజుకు ఒక తప్పును పేరు లేకుండా బోర్డు మీద పెట్టడం. ఐదు నిమిషాల సాధన కూడా వచ్చే నెల నుంచి కలుపుతాను, తొమ్మిదికి చుట్టుకొలత 24 లెక్క సోమవారమే ఇస్తాను. తిరిగొచ్చే పిల్లల కోసం ఒక ఫైలు పెట్టి పాఠానికి ఒక కాగితం చొప్పున ఇప్పటి నుంచే రాస్తాను, పత్తి సీజన్ రాకముందే. రైతు అన్న చెప్పిన గుంటల లెక్క ఎనిమిదిలో చెప్తాను, నకలు పాస్‌బుక్కు నేనే తయారుచేస్తాను.

ఒక్క సందేహం నర్సంపేట సార్‌కి. పీరియడ్ చివర చిన్న చీటీ మీద "ఇవాళ ఎక్కడ తెలియలేదు" అని రాయించి తీసుకుందామనుకుంటున్నాను, తప్పులు అందులోంచే దొరుకుతాయి కదా. పేరు రాయమనాలా, వద్దా?

నర్సంపేట_లెక్కల_సార్:

మొదట్లో వద్దు మేడమ్. పేరు లేకపోతేనే నిజం రాస్తారు. "ఏమీ తెలియలేదు" అని రాసినా పర్వాలేదు, అలాంటి చీటీలు పక్కన పెట్టకండి, మర్నాడు ఆ పాఠం ఎక్కడి నుంచి ఎత్తుకోవాలో వాటి నుంచే తెలుస్తుంది. చీటీల్లో అడిగిన దానికి మర్నాడు మొదటి ఐదు నిమిషాల్లో జవాబు చెప్పి తీరాలి, ఒక రోజు తప్పినా రాయడం మానేస్తారు. కొన్నాళ్లకు కొందరు అడగకుండానే పేరు రాయడం మొదలుపెడతారు, వాళ్లకు మాత్రం వెనక్కి అదే చీటీ మీద రెండు ముక్కలు రాసి ఇవ్వండి. తెలుగు రాయడం కష్టమైన పిల్లలు ఉంటే లెక్క నంబరు రాసి, ఆగిన మెట్టు కింద గీత గీస్తే చాలని చెప్పండి.